ముట్టని కాయలు

"నేను రాయను మాస్టారూ," అంది సోని.

పొద్దుటి నుంచీ ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తు లేదు. అన్న ప్రతిసారీ అది కొంచెం గట్టిపడుతూ వచ్చింది. ఇప్పుడది మాటలా లేదు. ఎవరో గది మధ్యకి దొర్లించి పెట్టిన బండలా ఉంది. మిగతా ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతున్నారు.

జగన్నాథరావు మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు. విజయనగరం మనిషి. మండలంలో టీచర్లని ఉన్నత ఉపాధ్యాయ ధ్రువపత్రం పరీక్షకి తయారు చేసే బాధ్యత ఆయనది. వానలో ఘాట్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ కొండ మీది ఈ గరుగుడ దాకా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. ఆయన తడిసి వచ్చాడన్న సంగతి సోని కోపాన్ని తగ్గించలేదు, ఇంకా పెంచింది. చెడ్డవాడి మీద కోపం హాయిగా ఉంటుంది. మంచివాడి మీద కోపం వస్తే అందులో సగం మన మీదికే తిరుగుతుంది.

"ఏటమ్మా, రాయనంటే ఎలాగ? నాలుగంటే నాలుగే మార్కులు. అరవై అయిదు కావాలి. అరవై ఒకటి వచ్చాయి."

"ఆ అరవై ఒకటి ఎలాగొచ్చాయో చెప్పండి ముందు."

"చెప్తాను, కూర్చో."

సోని కూర్చోలేదు. వంటింటి గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది. ఆమె భర్త ఉదయ్ గోడ పక్కన చాప మీద కూర్చుని ఫోన్ ఛార్జరు తీగని వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు. మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఈ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు.

"రాతపరీక్షలో ముప్పైకి ఇరవై ఆరు. మన మండలంలో ఇంకెవరికీ రాలేదు," అన్నాడు జగన్నాథరావు. "పిల్లల పనుల నమూనాలకి ఇరవైకి పన్నెండు. ఆత్మపరిశీలన వ్యాసానికి ఇరవైకి పన్నెండు. ఇక పాఠం వీడియోకి…"

ఆగాడు.

"అనండి. వారం నుంచి అదే నంబరు కళ్ళ ముందు ఆడతంది. ముప్పైకి పదకొండు."

"పదకొండు. సరే. ఇప్పుడు రూలేటంటే, ఏదో ఒక్క భాగమే మళ్ళీ ఇవ్వాలి. ఒక్కసారే. కొత్త మార్కు వచ్చాక పాతది చెల్లదు. పెరిగినా అంతే, తగ్గినా అంతే. ఏ భాగం ఇస్తామో ఈ సాయంత్రం లోపల సైటులో నొక్కాలి. వీడియో మళ్ళీ తీస్తే పెరగొచ్చు, పడిపోనూ వచ్చు. పిల్లలు, వాన, కరెంటు, ఏదీ మన చేతిలో లేదు. వ్యాసం మన చేతిలో ఉంది. పన్నెండు పదహారు చెయ్యడం రెండు పేరాల పని."

"ఆ రెండు పేరాల్లో ఏటి రాయాలి?"

జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు. రాసుకొచ్చిందే. జేబులోంచి తియ్యకుండా చెప్పాడు.

"'నా పాఠంలో విద్యార్థులు పాల్గొనలేదు. సామగ్రి ముందు ఉంచినా వారిలో ఆసక్తి కలిగించలేకపోయాను. ఇది నా లోపంగా గుర్తిస్తున్నాను.' అంతే. లోపం ఒప్పుకున్నవాళ్ళకి మార్కులు పడతాయి. మొదటిసారి నువ్వేటి రాశావు? పిల్లలు చాలా బాగా ఆలోచించారని రాశావు. దిద్దేవాళ్ళు వీడియో చూస్తే పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముందు చాటలో కాయలున్నాయి, ఒక్కడూ ముట్టలేదు. నీ రాతకీ నీ పాఠానికీ పొంతన కుదరలేదు. దిద్దేవాడు ఏమనుకుంటాడు?"

"మా పిల్లలు మొద్దులని అనుకుంటాడు. అది నా చేత్తో రాయమంటున్నారు."

"మొద్దులని ఎవరన్నారు? ఆసక్తి లేదని అంతే."

"మీ వైపు ఆ రెండింటికీ తేడా ఉందేమో. ఇక్కడ లేదు. మా గుంటలకి ఆసక్తి లేదనే కదా ప్రతి ఆఫీసరూ రాసుకెళ్ళేది."

"సోనీ," అన్నాడు ఉదయ్ తల ఎత్తకుండా. "సారు తడుసుకుంటూ వొచ్చారు."

"వొచ్చారు. టీ ఇచ్చాను."

పెంకుల మీద వాన చప్పుడు పెరిగింది.

జగన్నాథరావు టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "నీ పంతం నాకు తెలుస్తోందమ్మా. కానీ ఇది నీ ఒక్కదాని సంగతి కాదు. ధ్రువపత్రం ఉన్న టీచరు బడిని కదిలించరు. లేకపోతే పిల్లలు తక్కువని గరుగుడ బడిని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. ఒకటో క్లాసు గుంటలు ఈ వానల్లో పొంగే గెడ్డ దాటి వెళ్ళాలి. అది నీకిష్టమా?"

ఇదే ఆయన చివరి బాణమని సోనికి తెలుసు. అది నిజం కూడా. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది. అబద్ధంతో బెదిరిస్తే ఎదిరించవచ్చు. నిజాన్ని తెచ్చి మెడ మీద పెట్టి అబద్ధం రాయమంటే మనిషి ఎటు తిరగాలి?

ఆమె మనసు మార్చి నెల్లోని ఆ మధ్యాహ్నానికి వెళ్ళింది. వారం నుంచీ అక్కడికే వెళ్ళి వస్తోంది, నాలిక పుప్పిపన్ను దగ్గరికి వెళ్ళినట్టు.

అప్పటికి మామిడికొత్త పండగ ఇంకా కాలేదు. మొదటి కాయ కొండదేవత జాకరమ్మకి పెట్టే దాకా ఈ ఊళ్ళో ఎవరూ మామిడికాయ ముట్టరు. పాలు తాగే పిల్లలు తప్ప అందరికీ తెలిసిన సంగతే. సోనికి ఆ తెలియడంలోనే పాఠం కనిపించింది. ముట్టకుండా పంచుకోవడం. అత్త సోములమ్మ కాయల చాట పట్టుకుని తరగతిలోకి వచ్చి నిలబడింది. పండగనాడు మొదటి కాయని ఎలా పంచుతారో పిల్లలకి తన మాటల్లో చెప్పింది. సగం అమ్మవారికి. మిగిలిన సగంలో సగం పూజారికి. ఆ మిగిలింది వచ్చిన పిల్లలందరికీ. పిల్లలు కాయని ముట్టకుండా కళ్ళతోనే కోశారు. పలకల మీద గీతలు గీశారు. అర, పావు, పావులో అర. మూడో క్లాసు గుంట ఒకర్తి లేచి, "అయితే పూజారికీ మా అందరికీ ఒకటే వాటానా?" అని అడిగింది. తరగతి మొత్తం నవ్వింది. సోములమ్మ కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తన పదిహేనేళ్ళ నౌకరీలో అంత మంచి పాఠం చెప్పలేదని సోనికి తెలుసు. ఆ తెలిసిన దానికి ముప్పైకి పదకొండు వచ్చింది. తక్కువ వచ్చినందుకు కాదు ఆమెకి మంట. ఆ సంఖ్య తన జ్ఞాపకాన్ని అబద్ధమంటోంది. పరాయివాడు వచ్చి, నిన్న నువ్వు నవ్వలేదు అని చెబితే ఎలా ఉంటుంది? వారం రోజులుగా ఆమె తన జ్ఞాపకాన్నే అనుమానిస్తూ బతికింది. పిల్లలు నిజంగా నవ్వారా? నేను నవ్వారనుకున్నానా?

"మార్కులొక్కటే పంపారు. ఎందుకు తగ్గించారో చెప్పలేదు," అంది.

"చెప్పారు. నిన్న రాత్రి పెట్టారు సైటులో. ఇక్కడ నెట్టు రాదని దింపుకుని తెచ్చాను." జగన్నాథరావు ఫోన్ తీసి కళ్ళద్దాలు పైకి నెట్టాడు. "చదవమంటావా? చదివితే నీకే అర్థమవుద్ది, వ్యాసమే ఎందుకు మంచిదో."

"చదవండి."

"'సామగ్రి ప్రదర్శనకే పరిమితమైంది. విద్యార్థులు దానిని ఉపయోగించలేదు. ఉపాధ్యాయురాలు ప్రోత్సహించే ప్రయత్నం చేయలేదు.' తర్వాత, 'పలకలపై సమాధానాలు సరిగా ఉన్నాయి, కానీ వాటికి దారితీసిన చర్చ ఏదీ కనిపించలేదు. సమాధానాలు ముందే నేర్పినట్టు అనిపిస్తోంది.'"

"ముందే నేర్పానా!" సోని గుమ్మం వదిలి ముందుకి వచ్చింది. "దొంగనన్నమాట నేను. తర్వాత?"

"'స్థానిక సమాజ వనరుల వినియోగం. సమాజం నుంచి ఎవరినీ తరగతికి ఆహ్వానించలేదు. ఆరుకి సున్నా.'"

సోని ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

"సున్నానా? మా అత్త చాట పట్టుకుని అంతసేపు నిలబడింది! ముక్కుకి మూడు పోగులు, తలలో పూలు, ఎర్ర చీర! కళ్ళు లేనివాడికి కూడా మాట వినిపిస్తాది కదా! ఎవులు మాస్టారూ ఈ దిద్దినోళ్ళు? ఏసీ గదిలో కునుకుతూ దిద్దారా? నేను వ్యాసం రాయను, ఫిర్యాదు రాస్తాను. ఈ సున్నా ఒక్కటి చాలు. ఆరుకి నాలుగేసినా పాసయిపోతాను. ఉదయ్, విన్నావా?"

భర్త వైపు తిరిగింది. కోపంలో తోడు కోసం.

ఉదయ్ కోపగొండి మనిషి. రేషన్ డీలరు తూకంలో తగ్గిస్తే అరిచేది అతనే. ఆస్పత్రిలో అడివోళ్ళని వెనక్కి నిలబెడితే ఫోన్ తీసి వీడియో పట్టేది అతనే. పై అధికారి తప్పు దొరికితే నిద్రపోడు. ఇప్పుడు భార్యకి అన్యాయం జరిగిందని తేలింది. అతని మొహంలో కోపం లేదు. ఛార్జరు తీగ చూపుడువేలికి గట్టిగా బిగిసి, వేలి కొన తెల్లబడింది.

పదేళ్ళు ఒక మనిషి పక్కన బతికితే అతని కోపం కంటే కోపం లేకపోవడం ఎక్కువ చెబుతుంది. సోని నవ్వు ఆగింది. ఆగిన తర్వాత కూడా మొహం మీద దాని ఆకారం కాసేపు ఉండిపోయింది.

"వీడియో నువ్వే కదా ఎక్కించావు," అంది మెల్లగా.

"ఊరికి నెట్టు లేదు కదా. ఆఫీసులో ఎక్కించాను."

"అత్త ఉంది కదా అందులో."

ఉదయ్ తీగని ఇంకో చుట్టు చుట్టాడు.

"ఉదయ్. అత్త ఉందా, లేదా?"

"పావుగంట దాటకూడదన్నారు," అన్నాడతను. "మొత్తం పెడితే దాటిపోద్ది. కొంచెం తీసి అతికించాను."

జగన్నాథరావు చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. "ఏటి తీసి ఏటి అతికించావు? ఒకే బిగిన ఉండాలి వీడియో. కోత పడితే మొత్తం పరీక్షే రద్దు. ఆ సంగతి మొదటి పేజీలోనే ఉంది. కోతలేవీ లేవని ఈవిడ సంతకం పెట్టింది. దాని కింద నేను సంతకం పెట్టాను!"

"మీరు చూడలేదా మాస్టారూ?" అంది సోని.

"ఎక్కడమ్మా. ఆ రోజు ఎంతమందివి పెట్టానో…"

"చూడకుండా పెట్టారు."

ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు సగం మూశాడు. ఆ పని ఆయన ఎందుకు చేశాడో ఆయనకే తెలియనట్టుంది. వానలో వినేవాళ్ళు ఎవరూ లేరు.

సోని ఇంకా భర్తనే చూస్తోంది. "పావుగంట దాటుద్దని తీశావు. సరే. మొదట్లో నేను హాజరు పిలిచాను. అది తీశావా?"

"…లేదు."

"తేదీ రాశాను బోర్డు మీద. సుద్ద విరిగిపోతే వెతుక్కున్నాను. అది?"

"ఉంది."

"హాజరు ఉంది. సుద్దముక్క ఉంది. అత్త లేదు."

ఉదయ్ తీగని వేలి నుంచి విప్పి నేల మీద పడేశాడు. "నీ మంచికే చేశాను సోనీ. జాకరమ్మ, పూజారి, మొదటి కాయ… పైనున్నోళ్ళు చూస్తే ఏటనుకుంటారు? లెక్కల పాఠంలో దేవత ఏటని నవ్వుతారు. మా అమ్మ మాట వాళ్ళకి అర్థం కాదు, అది తెలుగో ఒరియావో కూడా తెలీదు వాళ్ళకి. మన గుంటలు లెక్క చేసింది కనిపిస్తే చాలనుకున్నాను."

"నవ్వుతారని ఎలా తెలుసు?"

"తెలుసు."

"ఎవులు నవ్వారు?"

"హాస్టల్లో చదివాను కదా, కొండ కింద మైదానంలో. నాకు తెలుసు," అన్నాడు. అతని గొంతు సన్నగా మారింది. అది పెద్దవాడి గొంతు కాదు.

సోనికి ఒక్క క్షణం జాలి కలిగింది. అంతలోనే ఆ జాలి మీద అసహ్యం కలిగింది. ఆ సన్నని గొంతు ఎదురుగా నిలబడితే తన కోపం తప్పు చేసిన దానిలా తల వంచుకుంటోంది. ఇలాగే కదా ఇంట్లో ప్రతిసారీ జరిగేది. అతను గాయం చూపిస్తాడు, ఆమె కట్టు కడుతుంది. ఈసారి గాయపడింది తనూ, తన పాఠమూ, తన అత్తా. కట్టు మాత్రం మళ్ళీ అతనికే కావాలి.

"వాళ్ళు నవ్వలేదు ఉదయ్," అంది. "వాళ్ళు నవ్వడానికి ముందే నువ్వు నవ్వావు. ఈ వారమంతా నేను ఎవరినో తిట్టుకున్నాను. ఏసీ గదుల్లో కూచున్నోళ్ళని. వాళ్ళు చూసిందానికి వాళ్ళు సరిగానే మార్కులేశారు. నువ్వు నాకు చెప్పలేదు. వారం రోజులు నేను నిద్ర పోకుండా, నా గుంటలు నిజంగా నవ్వారా లేదా అని… నా పక్కనే పడుకుని చూశావు."

"చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు? నేను మా గుంటలకి ఆసక్తి లేదని రాసేశాకనా?"

ఉదయ్ తల వంచుకున్నాడు. జగన్నాథరావు ఇద్దరి మధ్యకి వచ్చి చెయ్యెత్తాడు, తరగతిలో గొడవ ఆపేవాడిలా.

"అయిందేదో అయింది. ఇప్పుడు వినండి. ఫిర్యాదు సంగతి మర్చిపో. ఫిర్యాదు పెడితే అసలు వీడియో తెరుస్తారు, అతుకు కనిపిస్తుంది, నీ పరీక్ష రద్దు, నా ఉద్యోగానికి మెమో. కాబట్టి వ్యాసం. ఇప్పుడు వ్యాసం తప్ప దారి లేదు. పిల్లలు పాల్గొనలేదు, లోపం నాది. రెండు పేరాలు. అతనూ బతుకుతాడు, నేనూ బతుకుతాను, బడీ బతుకుద్ది."

"పిల్లలూ అత్తా తప్ప అందరూ బతుకుతారు," అంది సోని.

అప్పుడే వెనక తలుపు తోసుకుని సోములమ్మ లోపలికి వచ్చింది.

తల మీది గిడుగు దింపి గోడకి ఆనించింది. ఆకుల గిడుగు లోంచి నీళ్ళు నేల మీద కాలవ కట్టాయి. కొంగులో వెదురు చిగుళ్ళు మూటగట్టి తెచ్చింది. మాస్టారిని చూసి మొహం విప్పారింది.

"మాస్టారు బాబొచ్చినారా! కోడలా, కోడి కోయించకపోయావా? గుంటడా, లెగు, సారుకి తువ్వాల ఇయ్యి, ఎలాగ తడిసిపోనారో సూడు."

ఎవరూ కదల్లేదు. సోములమ్మ మూట దింపి, ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. ఈ మౌనాన్ని ఆమె తనకి తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకుంది. పరీక్ష పోయిందన్నమాట.

"పోనీ," అంది. "మార్కులు తక్కువొస్తే ఏటి, మళ్ళీ రాయకూడదా? మాస్టారు బాబూ, నా మాటకి ఎన్నొచ్చినాయి?"

జగన్నాథరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అదే, నాను కాయల గురించి సెప్పినాను కదా. సంతలో అందరూ అడుగుతున్నారు. నీ మాట గవర్మెంటోళ్ళు ఇన్నారంట కదా, ఏటన్నారు అని. కోడలివి కోడలికి ఏసుంటారు. నావెన్ని?"

"మంచిగానే వొచ్చాయమ్మా," అన్నాడు ఉదయ్ గబగబా. "నీకు బాగా వొచ్చాయి."

సోములమ్మ నవ్వింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ మధ్యాహ్నం తరగతిలో నవ్వినట్టే.

ఆ నవ్వు చూడగానే సోనికి తన జ్ఞాపకం తిరిగి దొరికింది. పిల్లలు నవ్వారు. నిజంగానే నవ్వారు. ఆ ఉపశమనంలోనే మరొకటి అర్థమైంది. ఈ ఇంట్లో ఇప్పుడు రెండు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి పైవాళ్ళ కోసం, ఒకటి అత్త కోసం. రెండూ చాలా దయగా ఉన్నాయి. రెండింటికీ తను నోరు మూసుకుంటే చాలు, ఇంకేమీ చేయక్కర్లేదు.

నోరు మూసుకోవడం ఆమెకి కష్టం కాదు. పాతికేళ్ళు చదువులోనూ ఉద్యోగంలోనూ అదే నేర్చుకుంది. కానీ ఆ నోటిలో ఇంకో అబద్ధానికి ఇప్పుడు చోటు లేదు.

"లేదత్తా," అంది. "నీ మాట వాళ్ళు ఇన్లేదు."

"ఇన్లేదా?"

"పంపలేదు. వాళ్ళు నవ్వుతారని ఉదయ్ తీసేశాడు. నువ్వు వచ్చింది, చాట పట్టుకుంది, చెప్పింది, గుంటలు నవ్వింది, మొత్తం కోసేశాడు. నువ్వు తరగతికి రానేలేదని వాళ్ళు అనుకుంటున్నారు."

"సోనీ!" అని అరిచాడు ఉదయ్.

సోములమ్మ కొడుకు వైపు చూడలేదు. వెదురు చిగుళ్ళ మూట విప్పి, ఒక్కొక్కటే తీసి చాప మీద పేర్చడం మొదలుపెట్టింది. పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు. ఆ పని అప్పుడు చేయవలసింది కాదు. ఆమె చేతులకి ఏదో ఒకటి కావాలి.

"నా మొకం బాగోనేదా?" అంది కాసేపటికి.

"అది కాదమ్మా…"

"బాస బాగోనేదా?"

ఉదయ్ నేల మీది తీగని మళ్ళీ అందుకున్నాడు.

సోని జగన్నాథరావు వైపు తిరిగింది. "మీ ఫోన్ ఇవ్వండి. ఎక్కడ నొక్కాలో చూపించండి."

"వ్యాసమే కదా?"

"వీడియో."

"అమ్మా, కోపంలో చెయ్యొద్దు. పదకొండు పోయి తొమ్మిదొచ్చిందంటే అరవై ఒకటి కూడా నిలవదు. ఇంకో అవకాశం లేదు. బడి పోద్ది."

"పోవచ్చు. వ్యాసం రాస్తే బడి ఉంటుంది, అందులో కూర్చునే గుంటలకి ఆసక్తి లేదని నా సంతకంతో ఉంటుంది. ఆ బడికి రేపు నేను ఏ మొహంతో వెళ్ళాలి? కొర్రకొత్త ముందర మళ్ళీ తీస్తాం. కొత్త కొర్రలు కూడా పండగ దాకా ముట్టరు కదా. అదే పాఠం, ఇంకా బాగా చెప్తాను."

జగన్నాథరావు ఆలోచించాడు. ఆయన మొహంలో భయం పోయి, మెల్లగా ఒక వెలుగు వచ్చింది. "అయితే… కొత్తది పంపితే పాతది ఎవడూ తెరవడులే. ఆ అతుకు గొడవ కూడా ఉండదు. అది ఒకందుకు మంచిదే."

ఆ వెలుగు సోనికి నచ్చలేదు. తన నిజాయితీ ఆయనకి దాక్కునే చోటుగా పనికొస్తోంది. బహుశా తనకీ. ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. దాన్ని తీసి చూసే తీరిక ఇప్పుడు లేదు.

ఇంట్లో నెట్టు రాకపోయినా వీధి గుమ్మంలో ఒక మూల నిలబడితే కాస్త సిగ్నల్ అందుతుంది. ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. తెర మీద గుండ్రం తిరిగి తిరిగి ఆగింది. నాలుగు భాగాల పేర్లు వచ్చాయి. సోని 'పాఠం వీడియో' మీద వేలు పెట్టింది. ఈ ఎంపికను మార్చుకునే వీలుండదు, సమ్మతమేనా అని అడిగింది. ఆమె ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. కొట్టింది. పచ్చని గుర్తు వెలిగింది.

అంతే. అంత చిన్న పని. ఆమె ఏదో తేలికపడతానని అనుకుంది. అలా ఏమీ జరగలేదు. కోపం ఎక్కడికీ పోలేదు, చోటు మారి కూర్చుంది.

లోపలికి వచ్చి సోములమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తా, మళ్ళీ తీస్తున్నాం. ఈసారి నేనే తీయిస్తాను, నేనే ఎక్కిస్తాను. నిన్ను ఎవరూ కొయ్యరు. నువ్వొచ్చి కొర్రల పంపకం గురించి చెప్పాల."

సోములమ్మ చేతిలోని చిగురు కింద పెట్టింది.

"నాను రాను."

"అత్తా…"

"రాను కోడలా. నీ మీద కోపం కాదు." ఆమె గొంతు ఎత్తలేదు. "పండగ కాకుండా కాయ మాట బయటోళ్ళకి సెప్పకూడదు. నీకు తెల్దు, నాను సెప్పనేదు. నీ బడి కోసమని గాసి పూజారి కాడికెళ్ళి అడిగినాను. ఆడు సేలా సేపు ఒప్పుకోనేదు. పిల్లలకి మంచి జరుగుద్దని బతిమాలినాను. అప్పుడు అమ్మని అడిగి సరేనన్నాడు. పండగనాడు మొదటి కాయ ఎట్టినప్పుడు అమ్మకి సెప్పుకున్నాను. నీ మాట పెద్దోళ్ళ కాడికి సేరింది తల్లీ, అని."

సోని కింద పెట్టిన చిగురు వైపే చూస్తోంది.

"సేరనేదు కదా. అంటే నాను అమ్మ ముందు నిలబడి అబద్ధం ఆడినాను. పూజారి సేత ఆడించినాను. ఇప్పుడు కొర్రలని మళ్ళీ ఎల్లి ఏటని అడుగుతాను? పాతది ఏటయింది అంటే ఏటి సెప్పాల?"

జగన్నాథరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పచ్చని గుర్తు ఉన్న ఫోన్ ఇంకా ఆయన చేతిలో వెలుగుతూనే ఉంది.

"అమ్మా," అన్నాడు ఉదయ్, "నువ్వేం చెప్పక్కర్లేదు. సోని వేరే ఎవరినైనా…"

"ఎవులూ రారు. ఈ మాట తెలిసినాక ఈ ఊళ్ళో ఎవులూ రారు. తెలియకుండా ఉండదు, నానే సెప్తాను. దాసుకుంటే ఇంకో అబద్ధం."

అప్పుడు మొదటిసారిగా సోములమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పరిచయం లేని మనిషిని, ఎక్కడో చూశానే అని గుర్తు చేసుకునే చూపు అది.

"నువ్వెల్లు," అంది. "గాసి ఇంటికెల్లు. పూజారి ముందు, ఊరోళ్ళ ముందు నిలబడి, ఏటి కోసేసినావో, ఎందుకు కోసేసినావో, నవ్వుతారని అన్నావంట కదా, ఆ మాట నీ నోటితో సెప్పు. మన బాసలో సెప్పు. అప్పుడు ఆళ్ళు ఒప్పుకుంటే నాను బడికి వస్తాను."

ఉదయ్ భార్య వైపు చూశాడు. ఎప్పుడూ చూసే చూపే. సోని దాన్ని ఎదుర్కొంది. ఈసారి ఆమె కళ్ళు తిప్పుకోలేదు, చెయ్యీ చాపలేదు. అతనికి సాయం చేయకుండా అలా కూర్చోవడం ఇంత కష్టమైన పని అని ఆమెకి తెలియదు.

అతను లేచాడు. గోడకి కొట్టిన మేకు మీంచి బండి తాళం తీసుకున్నాడు. వీధిలోకి వెళ్ళాడు.

"ఎక్కడికమ్మా ఈ వానలో?" అన్నాడు జగన్నాథరావు. "పూజారి ఇల్లు ఎంత దూరం?"

"నాలుగిళ్ళ అవతల," అంది సోములమ్మ.

నాలుగిళ్ళ అవతలికి ఎవరూ బండి తాళం తీసుకెళ్ళరు. ఆ మాట అత్తా అనలేదు, కోడలూ అనలేదు. ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. బండి స్టార్టయిన చప్పుడు వినపడలేదు. బురదలో నడిచి వెళుతున్న అడుగుల చప్పుడూ వినపడలేదు. అతను ఇంకా వానలో, గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.